కాగితానికి కుచ్చిళ్లు పోసిన చిన్నమ్మ

మా చిన్నమ్మ పోయింది. పోయిన నెల ఒక పొద్దున నాగర్‌కర్నూల్లో ఏడో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతుండగా వనపర్తి నుంచి నాకు ఫోన్ వచ్చింది. తెలియని నంబరు. "అక్కా, నేను హోటల్ల మీ చిన్నమ్మతోని పనిచేస్త. డ్యూటీకి రాకపాయె అని రూముకు వోయి చూసిన. పండుకున్నది పండుకున్నట్టే ఉన్నది. లేస్తలేదక్కా" అంది అవతలి ఆమె. ఇంకా ఏదో చెబుతూనే ఉంది. నేను పక్క తరగతి టీచరును పిలిచి, పిల్లల్ని చూడమని చెప్పి, వరండా చివర కుళాయి దగ్గరకు వెళ్లి నిలబడ్డాను. మొహం కడుక్కుందామని వెళ్లినదాన్ని, కుళాయి తిప్పడం కూడా మరిచిపోయాను.

చిన్నమ్మ మా అమ్మకు సొంత చెల్లెలు. గద్వాలలో నేతింట్లో పుట్టి, నాలుగు వీధుల అవతల ఇంకో నేతింటికి కోడలిగా వెళ్లింది. పిల్లలు కలగలేదు. ఆమె బతికినన్నాళ్లూ నలుగురిలో నేను చెప్పకుండా దాచిన సంగతి ఒకటి ఉంది. ఇప్పుడు చెప్పినా ఆమెకు ఒరిగేదేమీ లేదని తెలుసు. అయినా చెప్పాలి.

గద్వాల చీరలో ఒంటికీ అంచుకూ ముడివేసి నేయాలంటే మగ్గం మీద ఇద్దరు ఉండాలి. చిన్నాయన, చిన్నమ్మ పక్కపక్కన కూర్చుని నేసేవాళ్లు. కామెర్లతో చిన్నాయన పోయాక ఆ మగ్గం ఆగిపోయింది. చిన్నమ్మ ఒక చీరల దుకాణంలో మడతల పనికి కుదిరింది. కొనేవాళ్ల ముందు విప్పి పరిచిన చీరలన్నీ సాయంత్రానికి గుట్ట పడేవి. వాటిని అంచు పైకి వచ్చేలా, జరీ మీద గీత పడకుండా తిరిగి మడవడం ఆమె పని. కొన్నేళ్లకు ఆ దుకాణమూ మూతపడింది. అప్పుడే వనపర్తిలో కొత్తగా కట్టిన హోటల్లో దుప్పట్లు, తువ్వాళ్లు మడవడానికి మనుషులు కావాలని ఎవరో చెబితే, బట్టల సంచి ఒకటి పట్టుకుని బస్సెక్కింది. మడతల పని అని వెళ్లింది గానీ నెల తిరక్కముందే గదులు ఊడవడం, బాత్రూములు కడగడం కూడా ఆమె చేతికే వచ్చాయి.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆ మాట చెప్పలేదు. మూడో నెలలో అమ్మ చూడ్డానికి వెళ్లినప్పుడు ఆమె చేతుల నుంచి ఫినాయిల్ వాసన రావడంతో బయటపడింది. అమ్మ ఏడ్చిందట. "ఏడుస్తవెందుకక్కా? మురికి నాది కాదు, కడిగే చేతులు నాయి" అందట చిన్నమ్మ.

నేను డిగ్రీ చదవడానికి వనపర్తి వెళ్లి మూడేళ్లు ఆమె ఒంటిగదిలోనే ఉన్నాను. ఆ మూడేళ్లూ ఆమె కింద చాప మీద పడుకుంది, మంచం నాది. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, తన గది తలుపు తనే తట్టి, నేను "రా చిన్నమ్మా" అనేదాకా బయటే నిలబడేది. తలుపు తెరిచే ఉన్నా అంతే. "నీ గదికి నువ్వే తలుపు కొడతవేంది?" అని నవ్వితే, "లోపల మనిషి ఉన్నది గద. మనిషి ఉన్నకాడికి అడగకుంట పోవద్దు" అనేది.

ఒక సాయంత్రం నేను పుస్తకం ముందేసుకుని ఉంటే, ఆమె సంచిలోంచి అయిపోవచ్చిన టాయిలెట్ పేపర్ చుట్ట ఒకటి తీసింది. అంతకుముందు నేను దాన్ని సినిమాల్లో తప్ప చూడలేదు. హైదరాబాద్ నుంచి వచ్చిన సూపర్‌వైజర్ ఆ రోజు వాళ్లందరికీ ఆ కాగితం కొసను రెండువైపులా మడిచి ముక్కోణం చేయడం నేర్పాడట.

"గిది దేనికి సారూ అని అడిగిన" అంది చిన్నమ్మ. "గది కడిగినంక మల్లెవ్వరు లోపలికి రాలేదని వచ్చినోల్లకు తెల్వాలెనట. మంచిమాటే గద బిడ్డా. మనకంటె ముందు ఈడ ఎవ్వరు లేరు, ఇది మనకోసమే పెట్టిండ్రు అనిపిస్తె ఎవ్వరికైనా పానం సల్లబడ్తది."

"ఈడ దాన్ని వాడేటోల్లు ఎవరున్నరు చిన్నమ్మా? అందరికి నీళ్లే గద" అన్నాను.

"వాడకపోతె ఏమాయె. చూస్తరు గద."

సార్ నేర్పిన ముక్కోణం ఆమెకు ఒక్కరోజుకు మించి సరిపోలేదు. పనికిరాని చుట్టల మిగుళ్లు ఇంటికి తెచ్చి సాధన చేసేది. సన్నటి మడతలు వరుసగా పెట్టి చీర కుచ్చిళ్లలా పోసేది. వాటిని నడుమ నొక్కి తిప్పితే విసనకర్ర అయ్యేది. గద్వాల అంచు మీద వరుసగా లేచే కోటకొమ్మల్లాంటి మొనలు ఆ పల్చటి కాగితంలో తీసేది. చిరిగితే కసురుకునేది కాదు. చిరిగిన ముక్కను పక్కన పెట్టి, "దీనికి జరీ బలం లేదు, మనమే నిమ్మళంగ పట్టాలె" అని తనకు తనే చెప్పుకునేది. నేను చదివే వెలుగులోనే, నాకు అడ్డం రాకుండా కొంచెం ఎడంగా కూర్చుని చేసేది. ఆమె వేళ్లు ఫినాయిల్‌కూ యాసిడ్‌కూ పగిలి ఉండేవి. కాగితం ఆ పగుళ్లకు తగులుకుంటుందని పనికి ముందు కొబ్బరినూనె రాసి, మరక పడకుండా కొంగుకు గట్టిగా తుడుచుకునేది.

ధరూర్ వైపు నుంచి కొడుకును కాలేజీలో చేర్పించడానికి వచ్చిన ఒక రైతు ఆ హోటల్లో దిగాడట. పొద్దున్నే కిందికొచ్చి, బయట దొడ్డికి పోయే జాగా ఎక్కడుందని అడిగాడు. గదిలోనే ఉంది కదా అంటే, "ఆడ ఎవరో పూవు వెట్టిండ్రు సారు. పూజ గిట్ల ఉన్నదేమో అని నేను అడుగు వెట్టలే" అన్నాడట. అందరూ నవ్వారు. చిన్నమ్మ నవ్వకుండా ఆయన వెంట పైకి వెళ్లి, "ఇది నీకోసమే పెద్దయ్యా. ఏం పరవాలేదు, విప్పుకో. విప్పేటందుకే మడత" అని చెప్పి వచ్చింది. ఈ కథ ఆమె నాకు చాలాసార్లు చెప్పింది. ప్రతిసారీ చివర, "పాపం, పొద్దటి సంది ఆపుకున్నడు" అనేది.

ఇంత చూసినా, ఆమె ఏం పని చేస్తుందో కాలేజీలో నేను ఎవరికీ చెప్పలేదు. "హోటల్ ఆఫీసులో" అన్నాను ఒకసారి. ఒకసారి చెప్పాక ఆ మాట దానికదే పెరుగుతూ పోయింది. నా సంబంధం మాట్లాడేటప్పుడు కూడా మా నాన్న, "మా మరదలు హోటల్ల సూపర్‌వైజర్" అన్నాడు. నేను దిద్దలేదు.

పెళ్లికొడుకు వాళ్లది నాగర్‌కర్నూల్. వాళ్లకూ మాకూ నడుమ పడుతుందని నిశ్చితార్థం వనపర్తిలో పెట్టుకున్నారు. వాళ్లు చూసి ఖాయం చేసిన హాలు ఆ హోటల్ పైఅంతస్తులోనే ఉంది. అమ్మ చిన్నమ్మను సెలవు పెట్టి పట్టుచీర కట్టుకుని రమ్మంది. "పెండ్లోల్ల గదులు వేరేటోల్ల చేతికి ఇస్తనా? పొద్దుగాల నేనే సదిరి, తర్వాత చీర కట్టుకొని పైకి వస్త" అంది చిన్నమ్మ.

ఆ రోజు పెళ్లికొడుకు తల్లి, అంటే ఇప్పటి మా అత్తగారు, చీర పెట్టడానికి నన్ను తన గదికి తీసుకెళ్లింది. చీర సంగతి పక్కన పెట్టి ముందు బాత్రూము తలుపు తీసింది. "ఇటు చూడు బిడ్డా, ఎంత మంచిగ చేసిండ్రో. విప్పబుద్ధి అయితలేదు" అంది. చుట్ట మీద తామరపూవు విచ్చుకుని ఉంది. దాని కింద సన్నటి కుచ్చిళ్లు, వాటికింద కోటకొమ్మల వరుస. ఆమె ఎంత పొద్దున లేచి చేసి ఉంటుందో నాకొక్కదానికే తెలుసు.

బయటికి వచ్చేసరికి వరండాలో చిన్నమ్మ ఎదురైంది. నీలం యూనిఫాం, చేతిలో బకెట్. మా అత్తగారు ఆగి, "ఆ పూవు నువ్వే చేసినవామ్మా? ఏడ నేర్చుకున్నవ్?" అని అడిగింది.

"గద్వాలల చీరలు మడత వెట్టేదాన్నమ్మా" అంది చిన్నమ్మ.

మా అత్తగారు నావైపు తిరిగింది. "మీ ఊరే అంటున్నది. నీకు ఎర్కేనా ఈమె?"

నేను చిన్నమ్మ ముఖం చూశాను. ఆమె నా ముఖం చూసింది. ఎంతసేపో కాదు. "గద్వాల పెద్దూరమ్మా" అంది చిన్నమ్మ. "అందరికి అందరు ఎర్కుంటరా?" అని గోడకు ఒదిగి మాకు దారి ఇచ్చింది. నేను నడిచి ముందుకు వెళ్లిపోయాను.

ఆమె పైకి రాలేదు. అమ్మ రెండుసార్లు మనిషిని పంపింది, పని ఉందని చెప్పి పంపించిందట. ఆ మాట అన్నాక ఇక మా చిన్నమ్మగా వాళ్లకు కనబడటం కుదరదు కదా. అందుకే నా పెళ్లికి కూడా రాలేదు. జ్వరమని కబురు చేసింది. పుస్తెలు కట్టేటప్పుడు అమ్మ నా పక్కన నిలబడి ఏడుస్తుంటే, కూతురు వెళ్లిపోతున్నందుకని అందరూ ఓదార్చారు. అమ్మ దేనికి ఏడుస్తోందో నాకు తెలుసు. వరండాలో జరిగింది అప్పటికి ఆమెకు చెప్పాను.

పెళ్లయ్యాక గద్వాల వెళ్లినప్పుడల్లా వనపర్తిలో దిగి, తర్వాతి బస్సు దాకా చిన్నమ్మ దగ్గర కూర్చునేదాన్ని. ఒకరోజు ఆమె పల్లీలు ఒలుస్తుంటే ఆ సంగతి ఎత్తాను. "చిన్నమ్మా, ఆనాడు నేను..." అంటుండగానే ఆమె అడ్డుపడింది.

"నువ్వు చెప్పవోతివి. నేను చూసిన గద. నీ నోట్లెకెల్లి మాట వచ్చేలోపే నేను తొందరవడ్డ. తప్పు నాదే."

"లేదు చిన్నమ్మా. నేను చెప్పవోలేదు."

ఆమె చేతులు ఆగాయి. ఒలిచిన పల్లీలు నా ఒడిలో పోసి, "ఆ దినం నీ కుచ్చిళ్లు ఒక్క పక్కకు వోయి ఉండె బిడ్డా" అంది. "సదురుదమంటే నా చేతుల బకెట్ ఉండె. నాకు అదొక్కటే మనసుల వడ్డది." అంతే. మళ్లీ ఎప్పుడూ ఆ మాట మా మధ్య రాలేదు. మా ఇంటికి రమ్మని అప్పుడే గట్టిగా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ఉండాల్సింది. బస్సు వేళయిందని లేచాను.

ఆమె పోయిన రోజు బడి నుంచి ఇంటికి వెళ్లి బట్టలు సర్దుకుంటుంటే మా అత్తగారు ఎవరు పోయారని అడిగింది. అప్పుడు చెప్పాను, ఏదీ దాచకుండా. ఆమె మంచం మీద కూర్చుండిపోయింది.

"ఆ తామరపూవు చేసినామెనా?"

"అవునత్తమ్మా."

"నా ముంగటనే నిలవడె గద ఆమె. నేను ఆమెనే అడిగితి." మళ్లీ అంది, "పని ఏదైతేంది. మనిషి నీకోసం అట్ల జరిగి నిలవడుతుంటే నువ్వెట్ల ఊకున్నవ్?" ఆమె నా జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్లి తన చీర మార్చుకుని వచ్చి, "పా, పోదాం" అంది. వనపర్తి నుంచి గద్వాలకు తెచ్చిన చిన్నమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నది సాయంత్రం దాకా లేవలేదు. ఇవాళ్టికీ నాతో ఆమె మాట మునుపటిలా లేదు. అది న్యాయమే అనుకుంటాను.

పదోనాడు దినం చేస్తున్నప్పుడు వనపర్తి నుంచి ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. నాకు ఫోన్ చేసినామె వాళ్లలో ఒకతె. పొద్దటి డ్యూటీ చేసి, సాయంత్రం మళ్లీ ఎక్కాలని యూనిఫాంలోనే వచ్చారు. చెప్పులు గడప బయట వరుసగా విడిచి, తలుపు తెరిచే ఉన్నా లోపలికి రాకుండా నిలబడ్డారు. మా నాన్న వైపు బంధువులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఎవరు వీల్లు?" అని మా పెద్దమేనత్త అడిగింది.

"మా చిన్నమ్మతోని పనిచేసేటోల్లు" అన్నాను. "హోటల్ల గదులు ఊడుస్తరు, బాత్రూములు కడుగుతరు. మా చిన్నమ్మ పదకొండేండ్లు గదే పని చేసింది."

నేను వాళ్లను లోపలికి తీసుకెళ్లి చిన్నమ్మ ఫొటో ముందు కూర్చోబెట్టాను, నా చేత్తో విస్తర్లు వేశాను. తింటూ ఒకామె, "మా అక్క బిడ్డ కాదు, నా బిడ్డనే అనేదక్కా నిన్ను. లెక్కల టీచరని హోటల్ల అందరికి చెప్పింది" అంది. నేను అన్నం వడ్డించే గరిటె కింద పెట్టేసి కాసేపు పెరట్లోకి వెళ్లాల్సి వచ్చింది.

ఎండ దిగకముందే వాళ్లు బయల్దేరారు. బంధువులంతా అరుగు మీద చూస్తుండగా వాళ్ల సంచులు నేను అందుకుని, నేతగాళ్ల వీధుల గుండా బస్టాండు దాకా నడిచాను. ముగ్గురికీ ఒకే సీటు దొరికింది. వెళ్లి రమ్మని చెబుదామని కిటికీ దగ్గరకు వెళ్లేసరికి వాళ్లు అప్పటికే నిద్రపోయారు. ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి, నోళ్లు కొద్దిగా తెరిచి, ఒళ్లో చేతులు అరచేతులు పైకి పెట్టుకుని. ఆ అరచేతులు చిన్నమ్మ చేతుల్లాగే పగిలి ఉన్నాయి. కండక్టర్ వచ్చి టికెట్ కోసం లేపబోయి, వాళ్లను చూసి, ముందు సీటు వైపు వెళ్లిపోయాడు.