ఎ పక్కన సున్నా

ఈ హిందీవాళ్ల ఊళ్లో మా ఆఫీసు శంకర్ నగర్‌లో, ఫ్యాక్టరీ ఉర్లాలో. లెక్కలన్నీ ఒకే కంప్యూటర్లో. సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాల్సివస్తే దాని డబ్బా మీదున్న లైసెన్స్ నంబరు కొట్టాలి. ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలగలిసిన నంబరది. ఇంకో చోట రాసి పెట్టండని పోట్లాడాను. ఎవరూ వినకపోతే నేనే రాసి బీరువా తలుపు లోపల అతికించాను, అదీ తెలుగు లిపిలో. ఇంగ్లీషులో ఓ ఏదో సున్నా ఏదో తెలిసి చావదు. మనకా గొడవ లేదనుకున్నాను.

దీపావళికి ఆఫీసు శుభ్రం చేస్తూ ఆ ఖాళీ డబ్బాను పాతసామాన్ల కబాడీవాడికి వేసేశారు. ఆ వెంటనే హార్డ్‌డిస్క్ చచ్చింది. లెక్కలూ సాఫ్ట్‌వేరూ ఫ్లాపీల్లో ఉన్నాయి, మళ్లీ ఎక్కించడానికి నంబరే లేదు. అమ్మిన దుకాణం ఎప్పుడో మూతబడింది. సేల్స్‌టాక్స్ గడువు దగ్గరపడింది. అందరూ నా బీరువా చుట్టూ చేరారు.

"మేడమ్, యే నంబర్ హై కి చక్లీ?" అన్నాడు క్యాషియర్, నా తెలుగు రాత జంతికల్లా కనిపించి.

"చక్లీయే. దాంత్ హై తో చబావ్," అన్నాను, పళ్లుంటే నమలమని.

నేను చదివాను, అతను కొట్టాడు. తెర మీద ఒక గడి ఖాళీగా మిగిలింది. నంబరు తప్పంది కంప్యూటర్.

"ఆప్‌కీ తెలుగు ఏక్ అక్షర్ ఖా గయీ," అన్నాడు మా యజమాని సేఠ్, నా తెలుగు ఒక అక్షరం మింగేసిందని. ఆయన నవ్వలేదు.

వాళ్లు భోజనానికి వెళ్లాక కాగితం ముందు కుర్చీ వేసుకున్నాను. తెలుగొచ్చినవాళ్లు ఇంకొక్కరుంటే ఇటు చూడమనేదాన్ని. మావారు పోయాక నా చేతిరాతను తిట్టే దిక్కు కూడా లేదు. పైకే చదివాను. "ఎం" దగ్గర నాలుక ఆగింది. అది ఎం కాదు. ఇంగ్లీషు ఏకి దీర్ఘం పెట్టకుండా ఎ అని రాయడం నా అలవాటు. దాని పక్కన అంకె సున్నా. ఎ, సున్నా కలిసి నా కళ్లకే ఎం అయి కూర్చున్నాయి!

విడదీసి కొడితే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. క్యాషియర్ సమోసాలు తెప్పించాడు. నాకు నవ్వాగడం లేదు. "హమారే యహా ఎ కే బగల్ మే జీరో లగావ్, తో ఎమ్ బన్ జాతా హై," అని చెప్పాను.

"అచ్ఛా," అన్నాడతను నములుతూ.

"అబ్ హిందీ మే లిఖ్ దీజియే," అన్నాడు సేఠ్. రాసిచ్చాను.

ఇంటికొచ్చి తాళం తీసేసరికి కూడా ఆ నవ్వు గొంతులోనే ఉంది. తెలుగొచ్చినవాళ్లకైతే ఒక్క ముక్క చాలు, వివరించక్కర్లేదు. గోడ అవతల పక్కింటివాళ్ల టీవీలో ఎవరో హిందీలో నవ్వుతున్నారు. పొద్దుటి అన్నం వేడిచేసుకున్నాను.