ఈ కాగితానికి ముగ్గురు

పొద్దున్నే మా సర్జరీ, అంటే ఇక్కడి డాక్టర్ల క్లినిక్, తలుపు తీయగానే నేల తుడిచిన మందు నిమ్మవాసన గుప్పున తగులుతుంది. ఇన్నేళ్ళయినా రిసెప్షన్ కుర్చీలో కూర్చోబోతూ ఒక్క క్షణం ఆగిపోతాను. నాకు సీతారత్నం ఆంటీ గుర్తొస్తారు.

అప్పటికి ఇంగ్లండులో, కోవెంట్రీలో స్థిరపడ్డామని అనుకుంటుండగానే మావారి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయింది. ఆయన పగలు టేక్‌అవే భోజనాల డెలివరీలకు వెళ్ళేవారు, నేను వేర్‌హౌస్‌లో సాయంత్రం షిఫ్టు చేసేదాన్ని. నేను ఇల్లు చేరేసరికి మూడేళ్ళ పాప నిద్రపోయేది. ఈ సర్జరీలో పగటి ఉద్యోగం ఇస్తామన్నారు గానీ, జీతమంతా నర్సరీ ఫీజుకే సరి. పనిచేసే తల్లిదండ్రులకు ఆ ఫీజులో ప్రభుత్వం సాయం చేస్తుందట. చెయ్యి చాపాలా అని నాకు తల కొట్టేసినట్టయింది. అయినా నెలాఖరులోగా సర్జరీ వాళ్ళకి జవాబు చెప్పాలి. ఎలాగో ఫారం నింపి, లైబ్రరీలో సలహాలు చెప్పే ఆంటీ దగ్గరికి వెళ్ళాను. ఆవిడదీ మా కోనసీమే.

ఫారం చూసి కళ్ళజోడు సవరించుకున్నారు. "ఏవమ్మా, రెండు గదుల ఫ్లాట్‌లో ఏడుగురు ఎలా సర్దుకుంటున్నారు?"

ఉండేది ముగ్గురమేనని, అత్తయ్య, మావయ్య, మరిది, తోడికోడలు అమలాపురంలో ఉన్నారని చెప్పాను. మా ఇంట్లో ఎంతమంది అంటే వాళ్ళను వదిలేసి ఎలా రాయను?

ఆవిడ నవ్వలేదు. "నీ మనసుకి ఏడుగురే. ఈ కాగితానికి ముగ్గురు. ఇలాగే పంపితే అబద్ధం రాశావంటారు." కొత్త ఫారం తీసి నా ముందు పెట్టారు. మీరే రాసిపెట్టండి, నా ఇంగ్లీషు అంతంతమాత్రం అని బతిమాలాను. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. "రేపు వాళ్ళు ఫోన్ చేసి అడిగితే చెప్పాల్సింది నువ్వు. రాయి. ఇది అడుక్కోవడం కాదు, పనిచేసేవాళ్ళకి రావాల్సింది." రెండు గంటలు పట్టింది. ఒక్క అక్షరం ఆవిడ రాయలేదు, ఒక్కసారి విసుక్కోలేదు.

పేస్లిప్పు ఇవ్వడం మరిచానని మర్నాడు లైబ్రరీ తెరవకముందే వెళ్ళాను. అద్దాల తలుపు లోపల ఆంటీ నేల తుడుస్తున్నారు. భర్త పోయాక పిల్లల కోసం పట్టిన పనట, ఆవిడ ఫారాలే మూడుసార్లు తిరిగొచ్చాయట. అలా నేర్చుకున్నదే పదిమందికీ జీతం లేకుండా చెప్పేవారు. మాప్ మూలన పెట్టి, చేతులు కడుక్కుని, అదే బల్ల దగ్గర కూర్చుని పేస్లిప్పు అందుకున్నారు. అంత పెద్ద మనసున్న మరో మనిషిని నేను చూడలేదు.

సాయం వచ్చింది. వేర్‌హౌస్ మానేసిన రోజు పాపకు నా చేత్తో అన్నం పెట్టి నిద్రపుచ్చాను. ఇప్పుడు ఎవరైనా ఫారం నా వైపు తోసి మీరే రాయండంటే, పెన్ను వాళ్ళ చేతికిచ్చి నా చేతులు ఒళ్ళో పెట్టుకుంటాను. ఇంట్లో ఎంతమందని నన్నడిగితే ముగ్గురనే రాస్తాను. మనసుకి మాత్రం ఆంటీతో కలిపి ఎనిమిదిమంది.