గుడ్ల ఓబులేసు సైకిలు బ్రేకు

అది 2004వ సంవత్సరం, ఎండలు ముదురుతున్న రోజులు. కొత్తచెరువు బస్టాండుకు కొంచెం ఎడంగా నాకు సైకిలు రిపేరు అంగడి ఉండేది. అప్పటికి ఆ పనిలో ఇరవై రెండేళ్ళు గడిచాయి. ఏ రోజు ఏ బండికి ఏం చేశానో డైరీలో రాసుకునే అలవాటు మొదటి నుంచీ ఉంది కాబట్టి, ఇక్కడ చెప్పేది చాలావరకు ఆ పేజీలు చూసి రాస్తున్నదే.

ఓబులేసు గుట్ట అవతలి పల్లె మనిషి. ఒకప్పుడు సేద్యం చేసేవాడు. బోరు మోటారు స్టార్టరు దగ్గర షాకు కొట్టి రెండు చేతులూ కాలిపోయాయి. ఎడమ చేతికి వేళ్ళన్నీ తీసేశారు. కుడి చేతికి బొటనవేలు, దాని పక్కన రెండు వేళ్ళు మిగిలాయి. వాటికీ పట్టు అంతంతమాత్రం. రెండేళ్ళ పాటు భార్య లక్ష్మక్క ముద్ద కలిపి నోట్లో పెడితే తిన్నాడు. తర్వాత ఒకరోజు లేచి, తమ ఊరి కోళ్ళఫారంలో గుడ్లు తీసుకుని సైకిలు మీద కొత్తచెరువు హోటళ్ళకు వేయడం మొదలుపెట్టాడు. అప్పటి నుంచి అందరికీ గుడ్ల ఓబులేసు అయ్యాడు. మా అంగడి పక్క హోటలు నారాయణప్ప రోజూ అందరికంటే ఎక్కువ తీసుకునేవాడు.

మొదట్లో ఓబులేసుది పాత సైకిలు. బ్రేకు నొక్కే బలం లేక చెప్పులు రోడ్డుకు రాసి బండి ఆపేవాడు. పుట్టపర్తికి వచ్చిపోయే విదేశీయుల్లో ఒకాయన అది చూసి, తన దేశానికి వెళ్ళిపోయేటప్పుడు తన సైకిలు ఈయనకు ఇచ్చేశాడు. దానికి హైడ్రాలిక్ బ్రేకులు. మామూలు బ్రేకు ఇనుప తీగతోనో కడ్డీతోనో పనిచేస్తుంది. ఇందులో తీగకు బదులు సన్నని గొట్టం, దాని నిండా నూనె ఉంటాయి. హ్యాండిల్ దగ్గర లివరు నొక్కితే నూనె ముందుకు తోసుకుపోయి, చక్రం దగ్గర రెండు ప్యాడ్లు డిస్కు అనే ఇనుప బిళ్ళను పట్టుకుంటాయి. ఆ గొట్టాన్నే హోస్ అంటారు. కుడి లివరు వెనక చక్రానిది. రెండు వేళ్ళు ఆనిస్తే చాలు, బండి గుడ్లు కదలకుండా ఆగేది.

ఒక ఉదయం ఆ సైకిలును తోసుకుంటూ వచ్చాడు.

"ఏమప్పా, ఎక్కకుండా తోసుకోని వస్తాండావు?"

"మేక కొరికిందన్నా."

"నిన్నా?"

"నన్నైతే ఆస్పత్రికి పోయుందును. సైకిల్‌ను కొరికింది. సూడు."

వెనక చక్రం దగ్గర హోస్ సగానికి నమిలేసి ఉంది. నూనె అంతా కారిపోయింది.

"నీ మేకకు గడ్డి వెయ్యవా?"

"గడ్డి యాడుండాదన్నా ఈ ఏడు? కంపచెట్లు గుడక ఎండిపాయ."

అలాంటి హోస్ నేను అంతవరకు చేత్తో పట్టుకోలేదు. అవన్నీ పీకేసి తీగ బ్రేకు వేస్తే ఒక పూటలో అయిపోతుందని చెప్పాను. నా దగ్గరున్న మరో సైకిలు తెచ్చి, దాని లివరు నొక్కి చూడమన్నాను. ఓబులేసు నొక్కాడు. వేళ్ళు వణికాయి, మెడ నరాలు ఉబ్బాయి, లివరు మాత్రం సగం కూడా రాలేదు.

"కాదన్నా," అని చెయ్యి తీసేశాడు. "ఇది పెట్టినావంటే నేను మళ్ళా ఇంట్లో కూచోవల్ల."

ఆ మాట తర్వాత తీగ బ్రేకు గురించి మాట్లాడలేదు. కొరికిన ముక్కను, హోస్ పొడవును, రెండు చివర్ల నట్ల బొమ్మను ఒక కవరులో పెట్టి, తెలిసిన కండక్టరు చేతికిచ్చి బెంగళూరులో విదేశీ సైకిళ్ళు అమ్మే అంగడికి పంపాను. పదకొండు రోజులకు నాలుగున్నర అడుగుల హోస్, చిన్న సీసాలో నూనె, ఒక చీటీ వచ్చాయి. జీపులకు వాడే బ్రేకు ఆయిలు పోయవద్దనీ, పోస్తే లోపలి రబ్బర్లు ఉబ్బిపోతాయనీ చీటీలో ఉంది. చీటీ రాకుంటే నేను పోయబోయేది అదే. ఆ పదకొండు రోజులూ ఓబులేసు ట్రేలు కట్టిన సైకిలును గుట్ట మీదుగా తోసుకుంటూ నడిచాడు.

హోస్ వేయడం నేను భయపడినంత కష్టం కాలేదు. కొత్త బ్లేడుతో చివర వంకర లేకుండా కోయాలి. కొసలో, మధ్య బొక్క ఉన్న సూదిలాంటి ఇత్తడి ముక్కను దిగగొట్టాలి. నట్టు కింద చిన్న ఇత్తడి ఉంగరం తొడగాలి. నట్టు బిగించినప్పుడు ఆ ఉంగరం నలిగి గొట్టాన్ని పట్టుకుంటుంది, నూనె కారదు. అసలు పని దాని తర్వాతే. దాన్ని బ్లీడింగ్ అంటారు, అంటే లోపలి గాలి తీసేయడం. గాలి బుడగ ఉంటే లివరు నొక్కినప్పుడు ఆ బుడగ నలుగుతుంది, ప్యాడ్లు కదలవు. చక్రం వైపు నుంచి సిరంజితో నూనె ఎక్కిస్తూ, స్క్రూడ్రైవరు పిడితో హోస్‌ను తడుతూ ఉంటే, లివరు దగ్గరి చిన్న నూనె గిన్నెలోకి బుడగలు వస్తాయి. అవి ఆగిపోయాక మూత బిగించాను. లివరు రాయిలా అయింది.

ఓబులేసు రెండు వేళ్ళతో నొక్కి, నవ్వి, మళ్ళీ నొక్కాడు. "ఇదన్నా! ఇదీ బ్రేకంటే!"

పనిలో పనిగా వెనక టైరు గాలి దిగుతోందన్నాడు. సైకిలు మేస్త్రీ ఎవరైనా ఏం చేస్తాడో నేనూ అదే చేశాను. బండిని ఎత్తి సీటు మీద, హ్యాండిల్ మీద తలకిందులుగా నిలబెట్టాను. పంచరు వేశాను. పెడలు చేత్తో తిప్పి, చక్రం తిరుగుతుంటే లివరును నాలుగుసార్లు నొక్కి చూసి, బండి మామూలుగా నిలబెట్టి ఇచ్చేశాను. తప్పు అక్కడే జరిగింది. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు.

మరుసటి రోజు ఉదయం ఓబులేసు సైకిలును ఈడ్చుకుంటూ నడిచి వచ్చాడు. చొక్కా నిండా పచ్చసొన, మోచేయి దోక్కుపోయి రక్తం. గుట్ట దిగుడులో మలుపు దగ్గర బ్రేకు పట్టక కాలువలోకి పోయాడు. ఒక్క గుడ్డు మిగల్లేదు. సైకిలు వెనక చక్రం వంకరైంది.

నేను ముందు ఆయన మోచేయి చూడాల్సింది. లివరు పట్టుకుని చూశాను. మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేసింది.

"నేను గట్టిగా చేసి ఇచ్చినా గదా! నువ్వే ఏదో గెలికినావు. ఆ మూత తిప్పినావా? నిజం చెప్పు."

"ల్యాదన్నా."

"తిప్పకుంటే గాలి ఎట్ల పోతాదప్పా లోపలికి?"

టీ తాగుతున్నవాళ్ళు ఇటు తిరిగారు. నారాయణప్ప హోటలు గడపలోకి వచ్చి నిలబడ్డాడు. "ఆ చేతుల్తో నీకు సైకిల్ యాపారం ఎందుకు ఓబులేసూ? నా గిరాకి అంతా గుడ్లు ల్యాక ఎనక్కి పోతాండారు. రేపట్నుంచి నేను ఆటోలో తెప్పించుకుంటా పో."

ఓబులేసు ఆయన వైపు చూడలేదు. కుడి చెయ్యి ఎత్తి నా ముఖం ముందు పెట్టాడు.

"గెలికేకి నాకు వేళ్ళు యాడుండాయన్నా?"

నీళ్ళిచ్చి కడుక్కోమని, బెంచీ మీద కూర్చోబెట్టి, మళ్ళీ మొదటి నుంచి బ్లీడింగ్ చేశాను. బుడగలు వచ్చాయి. లివరు గట్టిపడింది. తర్వాత వంకర చక్రం సరిచేయడానికి, చేతికున్న అలవాటు కొద్దీ, బండిని మళ్ళీ తలకిందులు చేశాను. స్పోకులు బిగించాను, చక్రం తిప్పాను, లివరు నొక్కి చూశాను, దింపాను.

ఈసారి ఓబులేసు లేచి వచ్చి తనే నొక్కాడు. రెండోసారి నొక్కి నన్ను పిలిచాడు.

"అన్నా, మళ్ళా మెత్తగైంది. నేను ఈడనే కూచోనుండా. ముట్టల్యా."

అప్పుడు నా బుర్ర పనిచేసింది. మూడోసారి గాలి తీసి, బండిని కదపకుండా ఒక గంట ఉంచాను. లివరు గట్టిగానే ఉంది. కావాలని తలకిందులు చేసి, నాలుగుసార్లు నొక్కి, దింపాను. మెత్తబడింది. లివరు దగ్గరి నూనె గిన్నెలో పైన కొంచెం గాలి నేను మిగిల్చాను. బండి నిలువుగా ఉన్నంతసేపు ఆ గాలి పైనే ఉంటుంది, ఏ హానీ లేదు. తలకిందులు చేసి నొక్కితే అది హోస్‌లోకి దిగిపోతుంది. నాకు వచ్చిన పని నేను సరిగ్గా చేసిన ప్రతిసారీ ఆ బ్రేకును నేనే చెడగొట్టాను.

బెంచీ దగ్గరికి వెళ్ళి మెల్లగా చెప్పాను. "ఓబులేసూ, నీ తప్పేమీ ల్యాదు. తప్పు నాదే."

"నాది గాదని నాకు తెలుసన్నా. నాకు చెప్తే ఏమొస్తాది? ఆ నారాయణప్పకు చెప్పు."

బనియను గుడ్డతో చేతులు తుడుచుకున్నాను. హోటల్లో ఉన్నవాళ్ళంతా నా దగ్గర సైకిళ్ళు బాగుచేయించుకునేవాళ్ళే. అయినా ఓబులేసును నేను మాటన్నప్పుడు కూడా అంతమందీ విన్నారు. వెళ్ళాను.

"నారాయణప్పా, పొద్దున నేనన్న మాట తప్పు. బ్రేకు చెడగొట్టింది నేను. ఓబులేసు దాన్ని ముట్టల్యా."

"నువ్వా? ఇంత పెద్ద మేస్త్రీవి!"

"మేస్త్రీనే. ఈ బ్రేకు సంగతి నాకు తెల్దు."

"అయితే పొద్దున్నుంచి మా హోటల్లో ఆమ్లెట్టు ల్యాకుండా చేసింది నువ్వన్నమాట!"

"నేనే."

అందరూ నవ్వారు. నారాయణప్ప మాత్రం బయట నిలబడ్డ ఓబులేసు మోచేతిని చూస్తున్నాడు. "బ్రేకు ఇప్పుడు పడ్తాదా?" అన్నాడు.

"రేపు దిగుడు కాడ నేను నిలబడి చూస్తా. పట్టకుంటే నీ ఆటో నువ్వు పెట్టుకో."

"ఓబులేసూ, రేపు నాలుగు ట్రేలు తే. పగలనివి," అని లోపలికి పోయాడు.

ఆ మధ్యాహ్నం మళ్ళీ గాలి తీసి, నూనె గిన్నెను అంచు దాకా నింపి, గాలికి చోటు లేకుండా మూత బిగించాను. మిగిలిన పనికి అంగడి కొట్టం వాసానికి రెండు తాళ్ళు కట్టి, సైకిలును చక్రాలు కిందికే ఉండేలా వేలాడదీశాను. ఇంకో మేస్త్రీ నాలాగే చేయకుండా, సైకిలు కడ్డీ మీద తెల్ల రంగుతో 'తలకిందులు చేయరాదు' అని రాశాను. ఓబులేసు కూడబలుక్కుని చదివి, "నాకూ ఒకటి రాయన్నా, వీపు మీద," అన్నాడు.

మరుసటి ఉదయం గుట్ట కింద మలుపు దగ్గర నిలబడ్డాను. అంతకుముందే పైకి పోయి, మొదట ఖాళీ బండితో దిగమని బతిమాలాను. వినలేదు. "గుడ్లు ల్యాకుండా దిగితే నాకేం తెలుస్తాదన్నా? బరువుంటేనే గదా బండి తోసుకుపొయ్యేది!"

నాలుగు ట్రేలతో దిగాడు. ఎడమ అరచెయ్యి హ్యాండిల్ మీద ఆనించి, కుడిచేతి రెండు వేళ్ళు లివరు మీద పెట్టి వస్తున్నాడు. మలుపు దగ్గర బండి నెమ్మదించింది. నాకు పది అడుగుల దూరంలో ఆగింది. ఆయన కాలు కింద పెట్టి, వెనక్కి తిరిగి ట్రేలు చూసుకున్నాడు.

"నడువన్నా," అన్నాడు. "ఆయప్ప ఎదురుసూస్తాంటాడు."

ఆ తర్వాత పద్నాలుగేళ్ళు అంగడి నడిపాను. హైడ్రాలిక్ బ్రేకు మళ్ళీ ఒక్కటి కూడా నా చేతికి రాలేదు కాబట్టి, ఆ పని నేర్చుకున్నందువల్ల నాకు పెద్దగా ఉపయోగం కలగలేదు. నేను చేసిన రిపేర్లు మాత్రం తిరిగి వస్తూనే ఉన్నాయి, ఎవరి అంగడికైనా వస్తాయి. అలా వచ్చిన మనిషిని 'ఏం చేసినావు దీన్ని?' అని నేను మళ్ళీ అడగలేదు. బెంచీ చూపించి, "కూచోప్పా, నేనేం చేసినానో చూస్తాం," అనేవాణ్ణి.