వియన్నాలో మొదటి కప్పు

వియన్నాలో రైలు మారడానికి రెండు గంటల వ్యవధి దొరికింది. నాతో వచ్చిన స్నేహితుడు మా ఊరు డోన్‌లో మా ఇంటికి సరుకులు పంపుతుండిన వర్తకుడి కొడుకు. ఆ దేశపు భాష అతడు గలగలా మాట్లాడుతుంటే నాకు కడుపు మండింది. హోటల్లో కాఫీ తెచ్చినామె మొదటి కప్పు అతని ముందే పెట్టింది. మా ఇంట్లో పెద్దవాడు ముట్టందే ఎవరూ ముట్టరు. ఇప్పుడా పెద్దవాణ్ణి నేనే. నా కప్పు వచ్చినా బిగుసుకుని కూర్చున్నాను.

అతడూ తాగలేదు.

“ఏమప్పా, సల్లారిపోతాండాది. నువ్వు ముట్టితే గదా నేను తాగేది! మీ నాయన ముట్టేదాకా మా నాయన మీ ఇంట్లో అట్లే కూచుంటాండె,” అని నవ్వాడు.

మా పొలాలన్నీ పోయినా మర్యాద మాకే మిగిలిందనుకున్నాను. అదీ నాకన్నా అతనికే బాగా అబ్బింది. చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగేసి, దారి తెలియకపోయినా అతనికన్నా ముందు నడిచాను.