ఎలుకలు దారి తప్పిన మధ్యాహ్నం

ఆ ప్రయోగశాలలో ఆమెను అందరూ ఎలుకలత్త అనేవారు. పద్దెనిమిదేళ్లుగా బోనులు కడిగి, మేత వేసి, నీళ్లు మార్చిన మనిషి. మనసు వెన్నే కానీ, నోట్లో నువ్వుగింజ నానదు. అదే కొంప ముంచింది.

దిగులు తగ్గించే మందు జ్ఞాపకశక్తిని ఏం చేస్తుందో ఎలుకల మీద చూస్తున్నారక్కడ. పెద్ద తొట్టిలో తెల్లటి నీళ్లు, అడుగున కనిపించని చిన్న అరుగు. చుట్టూ గోడలకు వేలాడే గుడ్డల మీద బొమ్మలుంటాయి. వాటినే ఆనవాళ్లుగా పెట్టుకుని ఎలుక ఈదుకుంటూ వెళ్లి అరుగెక్కాలి. ఆఖరి పరీక్షనాడు పొద్దున మందు వేయని ఎలుకలు చకచకా ఎక్కేశాయి. మధ్యాహ్నం మందు వేసినవి దిక్కుతోచక గిరగిరా తిరిగాయి.

ఎలుకలత్త ఇంటికెళ్లీ వెళ్లగానే చెల్లెలి దగ్గర వాగేసింది.

"అమ్మో, ఆ మందు వేస్తే నేర్చుకున్నదంతా తుడిచిపెట్టుకు పోతుందే!"

చెల్లెలు లెక్కల టీచరు. ఏడాదిగా దిగులుతో మంచం దిగని మనిషి, అదే మందుతో ఈమధ్యే మళ్లీ బడికి వెళ్తోంది. అక్క మాట విని మాత్రలు మానేసింది. నెల తిరక్కుండానే మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంది. అక్క ఎంత బతిమాలినా ఒకటే మాట.

"ఎక్కాలు కూడా మరిచిపోయి బతకమంటావా?"

కొత్త విడత ఎలుకల కోసం తొట్టి గది తుడుస్తూ, ఒకరోజు ఎలుకలత్త తలెత్తి చూసింది. నక్షత్రం ఉండాల్సిన గోడకు చతురస్రం! ఆఖరి పరీక్షనాడు భోజనాల వేళ, మరకలు పడ్డాయని ఆ గుడ్డలు దించి తుడిచి, చూసుకోకుండా తారుమారుగా తగిలించింది తనే. పాపం, ఎలుకలు నేర్చుకున్న గుర్తు వెంటే పోయాయి.

ఉద్యోగం పోతే పోయిందనుకుని వెళ్లి, ఆ పరీక్షలు నడిపే మేడంతో చెప్పేసింది. మేడం అగ్గిమీద గుగ్గిలమైంది.

"ఆర్నెల్ల పని బూడిదలో పోశావు కదత్తా!"

కాసేపటికి కళ్లజోడు తీసి, నీరసంగా అంది. "ఇంకొకరైతే నోరు మెదిపేవారు కాదు. మళ్లీ మొదలుపెడదాంలే."

ఆ సాయంత్రమే చెల్లెలి మంచం మీద కూర్చుని జరిగిందంతా చెప్పింది. "తప్పు నాదేనే. చేతులారా నీ ప్రాణం మీదికి తెచ్చాను."

గోడవైపు నుంచే చెల్లెలు అడిగింది. "అయితే ఆ మందు మంచిదేనంటావా?"

"నాకు తెలీదే. నాకు తెలిసింది బోనులు కడగడం. డాక్టరు గారినే అడుగుదాం."

చెల్లెలు మెల్లగా ఇటు తిరిగింది.

"తెలీదా? నీ నోట ఆ మాట పుట్టి బుద్ధెరిగాక ఇదే వినడం!"

నవ్వింది. ఎన్నాళ్లకో! ఆ నవ్వుకు అక్కకు ఏడుపు ఆగలేదు.

"ఏడుపు తరవాత. ముందు నా చెప్పులు వెతుకు," అంది చెల్లెలు, మంచం దిగుతూ.