సోమవారం ఊరేగింపుల ఊళ్లో మూడు వారాలు

మా చెల్లెలు రూతుకు పిత్తాశయం ఆపరేషన్ కాకపోతే నేను మా బస్తీ యాకుత్‌పురా దాటి అంత దూరం పోయేదాన్ని కాదు. తూర్పు జర్మనీలో ఒక చిన్న ఊరి వృద్ధాశ్రమంలో ఆమె నర్సు. వెళ్లి రెండేళ్లయింది. ఆపరేషన్ తర్వాత మూడు వారాలు బరువులు ఎత్తవద్దన్నారు, చూస్తే ఒంటరి మనిషి. నేను పనిచేసిన ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్లయింది కాబట్టి నాకు తీరికే. బయలుదేరేటప్పుడు మనసులో ఇంకో మాట కూడా ఉంది. వలస వచ్చినవాళ్లను వెళ్లగొట్టాలనే తీవ్ర జాతీయవాద పార్టీ ఒకటి అక్కడ బలపడుతోందని టీవీలో చూశాను. వీలైతే చెల్లెల్ని వెంట తీసుకొచ్చేద్దామనుకున్నాను.

వీసాకు చెల్లెలి ఆహ్వాన పత్రం, ప్రయాణ బీమా, బ్యాంకు కాగితాలు సరిపోయాయి. మే నెలలో ఒక గురువారం మధ్యాహ్నం రెండింటికి ఆటోలో శంషాబాద్ విమానాశ్రయానికి బయలుదేరాను. గల్ఫ్‌లో విమానం మారి, మర్నాడు ఉదయం ఏడింటికి బెర్లిన్‌లో దిగాను. అక్కడి నుంచి రైలు. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఒక మాట: టికెట్ మిషన్ దగ్గర కంగారు పడకండి, ఎవరినైనా అడగండి. నాకు ఒక కాలేజీ అమ్మాయి టికెట్ తీసిచ్చి, ప్లాట్‌ఫాం దాకా వచ్చి ఎక్కించింది. ఊరి పేరు చూసి, "అక్కడ చూడ్డానికేం ఉందండీ?" అని ఇంగ్లీషులో అడిగింది. చెల్లెలుందని చెప్పాను.

పదకొండున్నరకు దిగాను. రూతు తలుపు తీస్తూనే, "అక్కా, చింతపండు తెచ్చినవా?" అంది. ముఖం పాలిపోయి ఉంది గానీ గొంతు మాత్రం మా ఇంటి గొంతే. పప్పుచారు కాచాక రెండు గిన్నెలు తాగి అప్పుడు కబుర్లలో పడింది.

"సోమవారం అయిదు దాటినంక చౌరస్తా దిక్కు పోకు అక్కా. ఊరేగింపు ఉంటది."

"ఏం ఊరేగింపు?"

"మాలాంటోళ్లంత వాపస్ పోవాలని."

ఊరు ముచ్చటగా ఉంది. ఎర్ర పెంకుల ఇళ్లు, కిటికీల్లో పూలకుండీలు. కానీ ప్రతి మూడో దుకాణానికీ తాళం. గాజు సామాను చేసే ఫ్యాక్టరీ ఉండేదట. గ్యాస్ ధరలు పెరిగాక కొలిమి ఆర్పేశారు. చలికాలం బిల్లులు కట్టలేక ముసలివాళ్లు ఒక్క గదిలోనే వేడి పెట్టుకుని గడిపారని రూతు చెప్పింది. దీపస్తంభాలకు ఆ పార్టీ పోస్టర్లు. నాకు చదవడం రాదు, బొమ్మలు చూస్తే అర్థమైంది. అయినా రొట్టెల దుకాణం ఆమె మూడో రోజుకే నన్ను గుర్తుపట్టి, నేను తీసుకునే రొట్టె పక్కన పెట్టి ఉంచేది.

రెండో సోమవారం పక్క టౌనుకు రూతు మందుల కోసం వెళ్లాను. తిరిగి నాలుగున్నరకు మా ఊరు చేరాల్సిన రైలు అయిదూ యాభైకి చేరింది. స్టేషన్ బయట సిటీ బస్సులు ఆపేశారు. నడిచిపోదామంటే నాకు తెలిసిన దారి చౌరస్తా మీదుగానే. బస్టాప్‌లో నిలబడిపోయాను. డప్పులు, జెండాలతో జనం నా ముందు నుంచే వస్తున్నారు. పిల్లల్ని భుజాన ఎక్కించుకున్న తండ్రులు, చేతికర్రల ముసలివాళ్లు, అందరూ మామూలు మనుషులే. ఒకతను నన్ను చూసి ఏదో అరిచాడు. మాట అర్థం కాలేదు గానీ, చెయ్యి స్టేషన్ వైపు చూపించాడు. పక్కవాళ్లు నవ్వారు. ఫోన్ తీసి రూతు నంబరు వెతకసాగాను.

అప్పుడు ఆ గుంపులోంచే ఒక మనిషి బయటికొచ్చాడు. అరవై దగ్గరపడ్డ మనిషి, చేతికి ఊరేగింపు వాలంటీర్ పట్టీ. నేను రూతు చిరునామా రాసిన కాగితం అందించాను. ఆశ్రమం పేరు కూడా దాని మీద ఉంది. చదివి, "రూత్?" అన్నాడు. తర్వాత గుండె మీద చెయ్యి పెట్టుకుని, "మామా" అన్నాడు. అమ్మ అని అర్థమైంది. అతను బళ్లో నేర్చుకుంది రష్యన్, ఇంగ్లీషు రాదని రూతు తర్వాత చెప్పింది. మందుల సంచి అందుకుని వెనక సందుల్లోంచి పావుగంట నడిపించాడు. గుమ్మం దగ్గర సంచి నా చేతికిచ్చాడు. నేను రెండు చేతులూ జోడించాను. అతను తలవంచి వెనక్కి తిరిగాడు. మేడ మీది కిటికీలోంచి చూశాను. ఇంటికి పోతున్నాడనుకున్నాను, డప్పుల వైపే పోయాడు.

"ఆయన పేరు ఊవే," అంది నా పక్కనే నిలబడి చూసిన రూతు. "ఆయనమ్మకు నేనే తానం చేపిస్త. గాజు ఫ్యాక్టరీల ముప్పై ఏండ్లు చేసిండు."

ఆదివారం పులిహోర కలుపుకుని ఆశ్రమానికి వెళ్లాం. ఊవే తల్లి పక్కన కూర్చుని ఉన్నాడు. డబ్బా ఇచ్చాను. ఒక ముద్ద తిని, నీళ్లు తాగి, ఇంకో ముద్ద తిన్నాడు. ఆ ఊరేగింపుకు ఎందుకు పోతున్నాడో అడగమని రూతుతో అన్నాను. ఆయన చెబుతుంటే ఆమె తెలుగులో చెప్పింది.

"ఫ్యాక్టరీ బంద్ అయినప్పుడు ఎవ్వరు రాలేదంట. ఈ పార్టీవోళ్లే ఇంటికొచ్చి, కూసోని, చెప్పింది విన్నరంట."

"మరి నిన్ను పొమ్మంటున్నరు కదా?"

"నన్ను కాదంట. వేరేటోళ్లనంట." రూతు ఆయన వైపు తిరిగి నెమ్మదిగా జర్మన్‌లో ఏదో చెప్పి, తర్వాత నాతో అంది: "ఆ వేరేటోళ్లల్ల నేను గూడ ఒకదాన్ని అని చెప్పిన."

ఊవే తన తల్లి దుప్పటి అంచు సరిచేస్తూ కూర్చున్నాడు. నాకు మా ఫ్యాక్టరీ క్యాంటీన్ గుర్తొచ్చింది. మూతపడే ఏడాది అక్కడ కూర్చుని ఎవరెవరిని తిట్టుకున్నామో. పక్క రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లను, చివర చేరినవాళ్లను. ఆర్డర్లు ఎందుకు రాలేదన్న మాట మాత్రం ఎవరమూ ఎత్తలేదు. నేను కూడా ఎత్తలేదు.

ఆ సాయంత్రం రూతును ఇంటికి రమ్మని అడిగేశాను.

"భయం లేదనను అక్కా. పోతే నా ఇష్టంతోని పోత. వాళ్లు పొమ్మన్నరని పోను."

ఇక నేను ఒత్తిడి చేయలేదు. చివరి సోమవారం ఊవే ఊరేగింపుకు వెళ్లాడో లేదో నాకు తెలియదు. వాకబు చేయలేదు.

తిరుగు ప్రయాణం శుక్రవారం. శనివారం ఉదయం ఎనిమిదింటికి శంషాబాద్‌లో దిగి సిటీ బస్సెక్కాను. పక్క సీట్లో గుడిమల్కాపూర్ మార్కెట్లో పూలమ్మే ఆవిడ. ఎవరినో విమానం ఎక్కించి వస్తోంది. ఆమె కూతురు నర్సింగ్ ఆఖరి ఏడాదిలో ఉందట.

"జర్మనీకి పంపుమంటున్నరు. ఆడ మనుషులు మంచోళ్లేనా అక్కా?"

రైలెక్కించిన అమ్మాయి గురించి, రొట్టె దాచిపెట్టిన ఆమె గురించి చెప్పాను. ఊవే నన్ను ఇంటిదాకా దింపాడని చెప్పాను. దింపి మళ్లీ ఎక్కడికి పోయాడో కూడా చెప్పాను. చెబుతుంటే, ఆ సంచి నా చేతికిచ్చిన మనిషి మీద ఉన్న కృతజ్ఞత ఇసుమంతైనా తగ్గలేదని నాకే తెలిసింది. భయమూ తగ్గలేదు.

ఆరాంఘర్ స్టాపు వస్తుండగా ఆమె ఒళ్లో సంచి సర్దుకుంటూ అడిగింది.

"వాళ్ల భాష నేర్వనీకి ఎన్ని నెలలు పడ్తది అక్కా?"