గలగలమన్న ఇత్తడి ఫ్యూజ్

2020 జూన్‌లో ఐర్లండ్‌లోని ఒక చిన్న మ్యూజియం నన్ను మూడు నెలలకు సలహాదారుగా నియమించింది. పాత జర్మన్ ఫిరంగి గుండ్ల ఫ్యూజులను గుర్తుపట్టి రిజిస్టరు రాయాలి. ఫ్యూజ్ అంటే గుండు ముక్కుకు బిగించే భాగం. గుండు ఎప్పుడు పేలాలో తేల్చేది అదే. మందుగుండు తనిఖీ శాఖలో సీనియర్ ఎగ్జామినర్‌గా రిటైరై, అప్పటికి ఐర్లండ్‌లోనే, సిటీవెస్ట్‌లో మా అమ్మాయి ఫ్లాట్‌లో ఉన్నాను. లాక్‌డౌన్ కాబట్టి పనంతా వీడియో కాల్‌లోనే.

మా వృత్తిలో ముందు లోహాన్ని పరీక్షించాలి, కాగితం తర్వాత. నేను తలకిందులు చేశాను. పాత చీటీల మీద ‘నిర్వీర్యం’ అని చూసి, అన్నీ సురక్షితమేనని మొదటిరోజే మ్యూజియానికి ఈమెయిల్ పెట్టాను.

పదకొండోది ఇత్తడిది. ‘డోప్ జెడ్ 92’ అన్న ముద్ర, చుట్టూ సెకన్ల గీతలు: గాలిలోనైనా, నేలకు తగిలాకైనా పేల్చగల మొదటి ప్రపంచ యుద్ధపు రకం. క్యూరేటర్ నోరీన్ దాన్ని కెమెరా ముందు తిప్పింది. లోపల ఏదో గలగలమంది. నాకు వినపడింది. ఈమెయిల్ గుర్తొచ్చి, వినపడనట్టే తర్వాతిది చూపమన్నాను.

పక్కనే చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా ఆవిడ ఊరుకోలేదు.

“ఏవండీ, అందులో ఏదో గలగలమంటోంది. ఆవిడకి చెప్పరేం?”

“ఖాళీదని చీటీ ఉందిలే.”

“పేలితే చీటీ అడ్డమొస్తుందా?”

సిగ్గు చంపుకుని, దాన్ని కదపకుండా పెట్టి బయటికి వెళ్లమనీ, గార్డాలను, అంటే అక్కడి పోలీసులను, పిలవమనీ నోరీన్‌కు చెప్పాను. నా ఈమెయిల్ నమ్మొద్దని కూడా చెప్పాను. “అంతా గ్రాండ్, ఏ భయమూ లేదన్నారుగా సార్!” అంటూ ఆమె గేటు బయటినుంచి ఫోన్లో దెప్పింది. తర్వాత గొంతు తగ్గింది. ఆ ఫ్యూజ్‌ను మ్యూజియానికి ఇచ్చింది తొంభైకి దగ్గరపడ్డ జో అనే పెద్దాయన అని చెప్పింది. వాళ్ల నాన్న యుద్ధం నుంచి తెచ్చినది, ఆయన గుర్తుగా మిగిలింది అదొక్కటే. లోపల మందుంటే సైన్యం పేల్చేస్తుంది.

సైనిక బృందం వచ్చి అక్కడే ఎక్స్‌రే తీసింది. మందు లేదు. లోపల ఉన్నది చిన్న పన్ను!

వృద్ధాశ్రమం నుంచి జో కెమెరాలోకి వంగి పడీపడీ నవ్వాడు. “నా పాలపన్నే! ఫిరంగి ఫ్యూజ్‌లో దాస్తే, రాత్రిపూట పాలపళ్లు పట్టుకెళ్లే యక్షిణులు కూడా ఎత్తుకుపోరన్నాడు నాన్న.” అందరం నవ్వాం. రిజిస్టరులో పన్నును ఏ రకం ఫ్యూజుగా రాస్తారని మా ఆవిడ అడిగింది.

మిగతావన్నీ కూడా ఎక్స్‌రే తీయించాకే రిజిస్టరు ముగించాను. పదకొండో పేజీలో ఇప్పటికీ ఉంది: ‘సలహాదారు పరీక్షించకుండా ధ్రువీకరించాడు. చప్పుడు విన్నా వెంటనే చెప్పలేదు.’ ఆ వాక్యం నేనే రాయించాను. చప్పుడు వినపడితే ముందు చెప్పాలి. మన పేరు సంగతి తర్వాత.